పై వాటా టీచరమ్మ శుక్రవారం పేజీ

మా పై వాటాలో ఉండే టీచరమ్మ మెట్లు దిగివస్తోందంటే చేతిలో ఒక కాగితం ఉందన్నమాటే. అది శుక్రవారం బడిలో పిల్లలు చదవబోయే పేజీ. కథ కాదు, పద్యం కాదు. లోకంలో నిజంగా ఉన్న సంగతి ఏదో ఒకటి పుస్తకాలు తిరగేసి తనే రాస్తుంది. పిల్లలకిచ్చే ముందు నాచేత చదివిస్తుంది. నేను చదివింది అయిదో తరగతి, ఆమె చెప్పేదీ అయిదో తరగతికే. నేను ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుంటుంది.

ఇదంతా ఎందుకమ్మా అని అడగకపోతే నాకు నిద్ర పడుతుందా? అడిగాను.

"పిన్నిగారూ, మా క్లాసులో గడగడా చదివే పిల్లాడొకడున్నాడు. ఓడరేవు పాఠం ఒక్క తప్పు లేకుండా చదివాడు. అక్కడ ఏం చేస్తార్రా అని అడిగితే, 'చదవమన్నారు, చదివాను. అర్థం కూడా చేసుకోమన్లేదుగా టీచర్' అన్నాడు."

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. వాడు ఓడను చూసి ఎరగడు, ఓడల గురించి చెప్పేవాళ్ళూ ఇంట్లో లేరు. అక్షరాలు నోటికి వచ్చాయి గానీ, అవి చెప్పే లోకం వాడికి తెలియదు. ఆమె బెంగ అదీ. అందుకే శుక్రవారం చివరి గంటను ఈ పేజీకి కేటాయించింది. పిల్లలు ముందు మనసులో, తర్వాత పైకి చదివి, తలా ఒక ప్రశ్న అడగాలి.

ఒక వారం అగ్నిపర్వతం, మరో వారం తిమింగలం, ఇంకో వారం చంద్రుడు. పిల్లలు ఎగబడి చదివారు. అంతలో హెడ్మాస్టారు క్లాసుకొచ్చి అగ్నిపర్వతం గురించి చెప్పమన్నారట. అందరూ పక్కవాణ్ణి లెమ్మని మోచేత్తో పొడిచారట. ఆఖరికి ఒకడు లేచి, "అందులో తిమింగలం ఉంటుంది సార్" అన్నాడట.

"మీ శ్రద్ధ మంచిదేనమ్మా. కానీ గంట నీళ్ళపాలవుతోంది. సెలవుల ముందు మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఆ గంట డిక్టేషన్‌కి ఇచ్చేద్దాం" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆమె వాడిపోయిన ముఖంతో వచ్చి, వాన ఎలా పడుతుందో రాసిన పేజీ నా చేతికిచ్చింది. ఎక్కడా ఆగకుండా చదివేశాను.

"బాగానే ఉంది. మరి ఈ వాన నీళ్ళు మన కుళాయిలోకి ఎలా వస్తాయి?"

"అది వేరే సంగతి పిన్నిగారూ. వచ్చేవారం ఒంటె."

"మధ్యలో ఒంటె ఎందుకు తల్లీ? అన్నం పెట్టి, కూర వేసేలోపే కంచం లాగేసినట్టుంది నీ వరస."

ఆమెకు రోషం వచ్చింది. మెట్లు దడదడలాడిస్తూ ఎక్కిపోయింది. నోరు జారానేమోనని నేనూ కాస్త జంకాను. తెల్లారి నేను వాకిలి ఊడుస్తుండగానే దిగివచ్చింది.

"ఒంటెను పంపించేశాను. పదండి, కుళాయి నీళ్ళ ఆనుపానులు కనుక్కుందాం."

ఇద్దరం ఊరికంతటికీ నీళ్ళు తోడే పంపుల దగ్గరికి వెళ్ళాం. అక్కడి పంపు ఆపరేటరు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "మీకు వేరే పనేం లేదా?"

"నీకుందిగా నాయనా, అదే చూపించు" అన్నాను.

సణుగుతూనే అన్నీ చూపించాడు. నది నీళ్ళు తొట్లలో కదలకుండా నిలబడి, బురద అడుక్కి దిగడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత శుక్రవారాలన్నీ నీళ్ళే. మబ్బు, నది, తొట్టి, గొట్టం, క్రిములు. ఒక పేజీలో తడబడిన మాట తర్వాతి పేజీలో తెలిసిన మనిషిలా ఎదురొచ్చేది. పిల్లల ప్రశ్నల్లోంచే తర్వాతి పేజీ పుట్టేది.

సెలవులు దగ్గరపడ్డాయి. హెడ్మాస్టారు పిల్లలెవరూ చూడని పేపరు ముక్క పట్టుకొచ్చి, కూడబలుక్కుని చదివే పిల్లనే లేపారు. వరద వచ్చిన ఊళ్ళో నీళ్ళు మరిగించి తాగమన్నారని వార్త. ఆ పిల్ల ఆగి ఆగి, వెనక్కి వెళ్ళి, మొత్తానికి చదివింది.

"నీళ్ళు తేరాక తాగొచ్చుగా? మరిగించడం ఎందుకు?" అన్నారాయన.

"బురద దిగిపోయినా క్రిములు ఉంటాయి సార్. మరిగిస్తే చస్తాయి."

"పేపర్లో ఆ ముక్క లేదే!"

"లేదు సార్. అది మాకు ముందే తెలుసు."

ఆయన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు. "గంట ఉండనివ్వండమ్మా. కానీ ఈ పిల్లకి చదవడం ఇంకా సాఫీగా రావాలి. అదీ చూడండి" అని వెళ్ళిపోయారు.

ఇదంతా ఆమె నాకు మెట్లమీదే కూలబడి, చెప్పులైనా విప్పకుండా చెప్పింది. ఆ పిల్లచేత రోజూ కాసేపు పైకి చదివించాలని తనలో తనే అనుకుంది. అంతలోనే నా వైపు తిరిగింది.

"పిన్నిగారూ, పంపు దేనితో తిరుగుతుందని పిల్లలు పట్టుకున్నారు. కరెంటు గురించి మీకేమైనా తెలుసా?"

"ముట్టుకుంటే కొడుతుందని తెలుసు."

"నాకూ అంతే తెలుసు" అంది. ఇద్దరం లేచి, వీధి చివర ఎలక్ట్రీషియన్ కొట్టు మూసేలోపు బయల్దేరాం.