గాలికి వదిలిన మూడు తాళ్ళు

ఉద్దానం తీరంలోని ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి నన్ను వేసిన కొత్తలో, పలాస నుంచి రోజూ షేర్ ఆటోలో వెళ్ళేదాన్ని. పదో తరగతి పిల్లలు పాఠాలు బాగానే చదివేవారు గానీ, ఇంగ్లీషు జాతీయాల దగ్గరికి వచ్చేసరికి బిక్కమొహాలు వేసేవారు. విడివిడిగా ప్రతి మాటా తెలుసు, కలిపితే అర్థం ఇంకేదో. నేను గైడులో ఉన్నది బోర్డు మీద రాసి బట్టీ పట్టమనేదాన్ని. నేను చదువుకున్నదీ అలాగే.

ఒక రోజు "త్రీ షీట్స్ ఇన్ ద విండ్" అని రాసి, పక్కన "తప్పతాగి ఉండటం" అని అర్థం రాశాను. పిల్లలు గొల్లుమన్నారు. ముందు బల్ల మీది అమ్మాయి షీట్లకీ తాగుడుకీ సంబంధం ఏమిటని అడిగింది. తెలియదనడానికి నోరు రాలేదు. దండెం మీద ఆరేసిన మూడు దుప్పట్లు గాలికి ఊగినట్టు తాగినవాడు ఊగుతాడని అక్కడికక్కడే కల్పించి చెప్పేశాను. ఊగి చూపించాను కూడా.

అదే సమయానికి మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, ఎంతమందికి బియ్యం పొయ్యాలో కనుక్కోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడది చేపల వేటకి వెళ్ళే కుటుంబం. ఇంటికి వెళ్ళి నా దుప్పట్ల కథ చెప్పిందట. మర్నాడు అన్నం వార్చాక మొహమాటపడుతూ నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మా మావ ఒక మాట అడగమన్నాడు, ఏటీ అనుకోకండి," అంది. మావ అంటే ఆవిడ మామగారు, ఒకప్పుడు తెరచాప పడవల మీద వేటకి వెళ్ళిన మనిషి. "దుప్పటి ఊగితే తాగుడెలగవుతాది? సాప తాడు జారిపోతే పడవ తాగినోడిలాగ తూలుతాది. ఆ మాట తాడు గురించేమో సూడమన్నాడు."

నవ్వుకుంటూనే ఫోన్ తీసి వెతికాను. ఓడవాళ్ళ భాషలో షీట్ అంటే గుడ్డ కాదట, తెరచాప కింది మూలని బిగించి ఉంచే తాడట. మూడు తాళ్ళూ వదులైతే చాపలు టపటపా కొట్టుకుని, ఓడ అదుపు తప్పి తూలుతుంది. ఇంగ్లీషులో ఎమ్మే చేసిన నాకు అందనిది, ఇంగ్లీషు అక్షరం రాని మనిషికి అందింది. సిగ్గేసింది. ఆయన్ని చూడాలని కూడా అనిపించింది.

శనివారం బడి అయ్యాక ఆవిడ వెంట వెళ్ళాను. ఒడ్డున పడవ నీడలో కూర్చుని ఆయన వల బాగుచేస్తున్నాడు. నేను పట్టుకెళ్ళిన జాతీయాలని మాటకి మాట తెలుగు చేసి చదివాను, అర్థం చెప్పలేదు. "తాళ్ళు నేర్చుకోవడం" అనగానే తల ఊపాడు. కొత్తగా పడవెక్కినవాడికి ముందు నేర్పేది అదేనట, ఏ తాడు లాగాలో ఏది వదలాలో తెలిస్తేనే పనివాడట. "వాడి చాపలోంచి గాలి తీసేశారు" అంటే, పోటీకొచ్చిన పడవకి గాలి రాకుండా మన పడవ ఎలా అడ్డం పెట్టాలో రెండు చేతులతో చూపించాడు, ఎదుటివాడి జోరు తగ్గేది అలాగేనట. "కుక్కలూ పిల్లులూ కురవడం" దగ్గర ఆగిపోయాడు. తుపానుకి రేకులు ఎగరడం చూశాడు గానీ, కుక్కలు కురవడం ఎరగడట. దాని పుట్టుక చదువుకున్నవాళ్ళకీ సరిగ్గా తెలియదంటే తృప్తిపడ్డాడు.

"పడవలు తగలబెట్టడం" అన్న జాతీయం దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు.

"ఏరు దాటి తెప్ప తగలెట్టీడమా? ఆడు మంచోడు కాడమ్మా," అన్నాడు.

ఇంగ్లీషువాళ్ళ మాటకి అర్థం అది కాదన్నాను. పరాయి గడ్డ మీద దిగిన సేనాపతి, సైన్యం వెనక్కి పారిపోకుండా తన పడవలు తానే కాల్పించేవాడనీ, వెనుదిరగని పట్టుదలకి ఆ పేరనీ చెప్పాను. ఆయన వల పక్కన పెట్టాడు.

"మనం సముద్రం మీదకి ఎల్లేది తిరిగి రావడానికే కదా తల్లీ. ఇంటికాడ ఎవులూ లేరేటి ఆడికి?"

కోడలు పకపకా నవ్వింది.

సోమవారం క్లాసులో దుప్పట్ల కథ నా కల్పనేననీ, అసలు సంగతి వంటావిడ మామగారికే తట్టిందనీ ఒప్పుకున్నాను. పిల్లలు ఆటపట్టిస్తారనుకున్నాను. వాళ్ళు మాత్రం ఆ తాతని రమ్మనమన్నారు. తరువాతి వారం, హెడ్మాస్టారు సరేనన్నాక, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెదురుకర్రకి కోడలి పాత చీర కట్టి టేబుల్ ఫ్యాను ముందు నిలబెట్టాడు. తాడు బిగించినంతసేపూ చీర నిండుగా పొంగింది. వదిలేసరికి టపటపా కొట్టుకుని, కర్ర తూలి, ముందు బల్ల మీది పుస్తకాలన్నీ కింద పడ్డాయి. ఆ జాతీయాన్ని ఇంకెవరూ బట్టీ పట్టలేదు.

ఇప్పుడు తెలియనిది తెలియదనే చెబుతున్నాను. పిల్లలు ప్రతి మాటా ఇంటికి మోసుకెళ్ళి అడిగి వస్తున్నారు. మొన్న "ఇన్ ఎ నట్‌షెల్" అంటే పిక్క పెంకులో పట్టేంతగా, నాలుగు ముక్కల్లో చెప్పడం అన్నాను. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకమ్మాయి తల్లి, పెంకుతో అంత సులువుగా అయ్యే పని ఏదీ లేదనీ, సొన తగిలితే చేతులు పొక్కిపోతాయనీ, మేడమ్‌ని ఒకసారి వచ్చి చూడమనీ కబురు పెట్టింది.