కాటా మీద గాలి

1976లో నాకు తిరువూరు బస్టాండు పక్కన గ్యాస్ వెల్డింగ్ షాపు ఉండేది. విరిగిన నాగళ్లు, పగిలిన సైలెన్సర్లు, ఊడిన ట్రాక్టరు హుక్కులు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆక్సిజన్ సిలిండర్లు విజయవాడ నుంచి లారీలో తెప్పించుకునేవాణ్ణి. రోజూ వాటితోనే మెసులుతాను కాబట్టి సిలిండర్ల సంగతి నాకొకరు చెప్పక్కర్లేదని మహా ధీమాగా ఉండేవాణ్ణి.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. గంపలగూడెం సుబ్బారావు గారికి బావి కింద వరి ఉంది, అప్పుడు పొట్ట మీద ఉంది. ఆ దశలో నీళ్లు తప్పితే గింజ పట్టదు. సరిగ్గా అప్పుడే బావిలో ఇంజను పెట్టుకున్న అరుగు కూలి, ఆయిలింజను కాస్తా అడుగుకు పోయింది. నలభై అడుగుల నీళ్లు. ఊళ్లో గజ ఈతగాళ్లు మునిగారు గానీ, దానికి గొలుసు తగిలించేంతసేపు ఎవరూ అడుగున ఉండలేకపోయారు. చివరికి ఎవరో చెబితే విశాఖపట్నం హార్బరులో పనిచేసే అప్పలస్వామి అనే డైవరును పిలిపించారు.

ఒక ఉదయం సుబ్బారావు గారు ఆ డైవరును వెంటబెట్టుకుని నా షాపుకు వచ్చారు. రిక్షాలో రెండు సిలిండర్లున్నాయి. ఒకటి లావుగా, పొడుగ్గా ఉంది. రెండోది సన్నగా, పొట్టిగా ఉంది. వీపుకు కట్టుకుని, రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్లడుగున ఊపిరి తీసుకోవడానికట. స్కూబా ట్యాంకు అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను.

"మస్తానూ, బస్సు టాపు మీద వీళ్ల గేజి పగిలి చచ్చిందయ్యా. నీ గేజి పెట్టి గాలెంతుందో చూడు" అన్నారు సుబ్బారావు గారు.

నా గేజికీ ఆ ట్యాంకు మూతికీ మర కలవలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. లాభం లేదు.

"లావుది లో ప్రెషరండి బాబూ, నిండితే గేజి మీద నూట యాభై. సన్నది హై ప్రెషరు, రెండొందలు" అన్నాడు అప్పలస్వామి.

నా ఆక్సిజన్ సిలిండరు కూడా నూట యాభైయే. దాన్ని చూస్తేనే జనం దూరం జరుగుతారు. ఆ నూట యాభైని ఇతను తక్కువ అంటున్నాడేమిటో నాకు అంతుపట్టలేదు. పైకి మాత్రం అంతా తెలిసినట్టు తలాడించి, సబ్బు నురగ తెచ్చి రెండు వాల్వుల మీదా పూశాను. లీకు పట్టాలంటే మాకు అదే దారి. సన్నదాని మీద నురగ కదల్లేదు. లావుదాని మీద మాత్రం బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. దెబ్బ తగిలి దారి పొడుగునా గాలి పోతూనే ఉంది.

"ఎంత పోయిందో?" అన్నారు సుబ్బారావు గారు.

"తూస్తే తెలుస్తాదండి" అన్నాడు అప్పలస్వామి. నేను నవ్వాను. గాలిని తూచడమేంటి?

ఎదురుగా పత్తి కొట్లో కాటా ఉంది. ట్యాంకు మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. తూచిన బరువులోంచి అది తీసేస్తే మిగిలింది గాలి బరువన్నమాట. ముందు లావుదాన్ని వేశాం. అరకిలో కూడా ఎక్కువ లేదు. తర్వాత సన్నది. కాటా గభాలున దిగిపోయింది. చిన్నది పెద్దదానికన్నా బరువు తూగుతోంది! ఒత్తిడి ఎక్కువ కాబట్టి దానికి ఇనుము మందంగా పోస్తారట. ఆ ఇనుము తీసేసినా గాలి ఇంకో రెండు కిలోల పైచిలుకు ఉంది. లావుది నిండుగా ఉన్నా దీనికన్నా పెద్ద ఎక్కువేం పట్టదన్నాడు అప్పలస్వామి.

సుబ్బారావు గారు కొట్లోని పత్తిని చూసి, "బోరెంలో కుక్కిన పత్తికీ, ప్రెస్సులో కొట్టిన బేలుకీ ఉన్న తేడా అంటావు" అన్నారు.

"అదేనండి బాబూ."

ఆయనకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు. పత్తయితే కంటికి కనిపిస్తుంది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. రెండు ట్యాంకులుంటే నిదానంగా రెండుసార్లు దిగొచ్చు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఒక్క మునకలోనే పని అయిపోవాలి. సుబ్బారావు గారికి ఆ ధైర్యం చాల్లేదు.

"మస్తాన్ దగ్గర ఆక్సిజన్ బండ నిండుగా ఉంది కదా. ఆ లావుదాంట్లో నింపెయ్యండి. గాలికన్నా ఆక్సిజనే మంచిది, ఆసుపత్రిలో పెట్టేదీ అదే."

నాకూ బాగానే అనిపించింది. మరలు కలిపే ఉపాయం కూడా అప్పటికే ఆలోచిస్తున్నాను.

అప్పలస్వామి ముఖం మారిపోయింది. "వద్దండి బాబూ. అంత లోతున ఒట్టి ఆక్సిజన్ పీలిస్తే ఫిట్సొచ్చి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాం. కళ్లతో చూశాను."

ప్రాణం పోసేది ప్రాణం తీయడమేంటో! నా బుర్ర తిరిగిపోయింది. సుబ్బారావు గారికి మాత్రం కోపం వచ్చింది. "పని తప్పించుకోడానికి సాకులా? అక్కడ నా చేను ఎండిపోతోందయ్యా!"

"దిగీది నాను కదండి" అన్నాడు అప్పలస్వామి మెల్లగా. సన్నదాన్ని భుజాన వేసుకుని రిక్షా వైపు నడిచాడు.

గొలుసు కొక్కేలు నావే కాబట్టి నేనూ వెళ్లాను. బావి మీద దూలాలు నిలబెట్టి చైన్ పుల్లీ కట్టాం. అతని నడుముకు కట్టిన తాడు నా చేతికిచ్చి, "గబగబా లాగితే చేదీయండి" అని నీళ్లలోకి జారిపోయాడు.

ఆ తర్వాత కనిపించినవల్లా బుడగలే. పొద్దున నురగలో బుడగలు చూస్తే గాలి వృథా అయిపోతోందని తిట్టుకున్నాను. ఇక్కడ అవే కనిపించకపోతే గుండె ఆగేలా ఉంది. నాకేమీ అర్థం కాలేదు, భయం మాత్రం బాగా అర్థమైంది. సుబ్బారావు గారు ఇంజను ఊసే ఎత్తలేదు. "ఇంకా ఉన్నాయా బుడగలు?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

ఉన్నట్టుండి బుడగలు పలచబడ్డాయి. తాడు గబగబా కదిలింది. చేతులు కోసుకుపోతున్నా చేదాను. అప్పలస్వామి తల పైకి తేలింది. నోట్లోని గొట్టం ఊసేసి, దగ్గి దగ్గి, "కొక్కెం తగిలించీశాను బాబూ. బురదలో బోర్లా పడుంది, అందుకే ఆలీసమైంది" అన్నాడు.

సాయంత్రానికి ఇంజను గట్టెక్కింది. తిరువూరు తిరిగొచ్చాక నేనే పట్టుబట్టి ఆ ట్యాంకును మళ్లీ కాటా మీద పెట్టించాను. మెడ మీద చెక్కిన బరువే వేశాం. ముల్లు నిటారుగా నిలబడింది. ఇనుము తప్ప అందులో ఇంకేమీ లేదు.

పొద్దున అదనంగా వేసిన తూనిక రాళ్లు పక్కనే ఉన్నాయి. సుబ్బారావు గారు వాటిని రెండు చేతుల్లోకీ తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇంతేనా అప్పలస్వామీ, నీ దగ్గరున్నది?"

"అంతేనండి బాబూ. సరిపోనాది కదా."

సుబ్బారావు గారు ఆ రాళ్లను కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకున్నారు. పొద్దున అన్న మాటకు ఏమీ అనుకోవద్దన్నారు.

గాలికి బరువుంటుందన్నది నేను కళ్లారా చూశాను. అయినా ఈ రోజుకీ నా మనసుకు పూర్తిగా ఎక్కలేదు. నేను నేర్చుకున్నది వేరే ఉంది. సుబ్బారావు గారు తెలివైన రైతు, నేను పేరున్న వెల్డరును. ఆక్సిజన్ అతనికి మేలనే ఇద్దరమూ అనుకున్నాం. గట్టు మీద నిలబడ్డ మా మాటే నెగ్గి ఉంటే, ఆ మనిషిని నేను తాడుతో కాదు, బావిలో పడ్డ బిందెలు తీసే పాతాళభేదితో పైకి తీయాల్సి వచ్చేది.