జుల్మా పిట్ట మీద ఒడీల్ ఫిర్యాదు

ఒడీల్ వాన్‌నెస్త్ నలభై ఏళ్లు ఇళ్లకు పెంకులు నేశాడు. అంత ఎత్తు నుంచి అందరి పెరళ్లూ చూసినందువల్లే అతనికి మనుషుల మీద నమ్మకం పోయిందని మా ఊళ్లో అనుకునేవారు. రొట్టె కొంటే దుకాణంలోనే చేత్తో బరువు చూసేవాడు. ఉత్తరం వస్తే పోస్టుమాన్ ముందే విప్పి చదివాడేమోనని అంటించిన చోట గోరుతో గీకి చూసేవాడు.

అలాంటివాడికి మా ఫించ్ పిట్టల పందెం కంటే తగిన వ్యాపకం ఉండదు. ఆదివారం పొద్దున్న వీధి పొడవునా చెక్కపెట్టెలు వరసగా పెడతాం. పెట్టెకో పిట్ట. ఎవరి పిట్ట ముందు వాళ్లు కూర్చోకూడదు. పక్కవాళ్ల పిట్ట పాట ముగించినప్పుడల్లా పొడవాటి కర్ర మీద సుద్దగీత గీయాలి. గంటలో ఎక్కువ గీతలు పడిన పిట్టదే గెలుపు. అయితే పాట చివర ‘సుస్కెవీట్’ అన్న సన్నటి విరుపు పలకాలి. లేకపోతే గీత లేదు. మా దేశంలోనే ఫ్రెంచి మాట్లాడే వాలోన్ల వైపు పిట్టలు పాటను ఇంకోలా ముగిస్తాయి. వాటిని మేం లెక్కలోకి తీసుకోం.

ఒక మే నెల ఆదివారం లెక్కపెట్టడానికి ఒడీల్‌కు జుల్మా డెకీర్ పిట్ట వచ్చింది. జుల్మా బ్రష్షుల కార్ఖానాలో పనిచేసి రిటైరైన విధవరాలు, నోటి దురుసు మనిషి. అంతకుముందు వారం ఆమె పిట్ట ఆరు వందలు దాటింది. ఒడీల్ కర్ర మీద మాత్రం రెండు వందల పదకొండు గీతలే ఉన్నాయి.

“సగం పాడి ఊరుకుంటోంది. ఇది మన పిట్ట కాదు” అన్నాడు ఒడీల్. “వాలోన్ అడవిలో పట్టుకొచ్చి కాలికి రింగు తొడిగావు కదూ?”

అడవి పిట్టను పట్టడం నేరం. పెంపకంలో పుట్టిన పిట్టలకే నంబరున్న రింగు వేస్తారు.

“నా పిట్ట పుట్టుక సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నీ చెవుల్లో పెంకుముక్కలేమైనా ఇరుక్కున్నాయేమో తీయించుకో పో!” అంది జుల్మా.

మర్నాడు ఒడీల్ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. పందెం సంఘం కార్యదర్శిని నేనే. నిజం చెప్పాలంటే నాకూ జుల్మా మీద కాస్త అనుమానం మొదలైంది. ఆమె పిట్ట ఒక్కసారిగా అంత బాగా ఎలా పాడుతోంది? రింగు నంబరు తీయించి చూశాను. సరిగ్గానే ఉంది. అయినా మనసు కుదుటపడలేదు.

రెండు వారాలకు ఒడీల్ మా ఇంటికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“నా పిట్టా పాడైపోయిందయ్యా. అదీ పాట ముగించడం మానేసింది. ఆవిడ తన పంజరం మా గోడ పక్కనే పెడుతోంది. కావాలనే నేర్పిస్తోంది. ఇదొక్కటేనా! ఊళ్లో ఎవరో పిట్టలకు మందు పెట్టి చంపుతున్నారు. ఇదిగో, రాసిపెట్టాను” అని చిన్న నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు.

మూడేళ్లుగా ఏ పిట్ట ఎప్పుడు మాయమైందో తేదీలతో సహా రాశాడు. ఫర్ చెట్ల మీద తిరిగే బొటనవేలంత పిట్ట మొదట పోయింది. తర్వాత చెట్టు బెరడు మీద పాకే పిట్ట, ఆ తర్వాత కంచెలోని రాబిన్. నల్లపిట్ట, కుకూ, గువ్వ మాత్రం ఉన్నాయట.

కానీ ఆ రోజు పొద్దున్నే రాబిన్ నా కిటికీ దగ్గర కూసింది. నేను ఆ పేర్లు మళ్లీ చదివాను. పోయినవన్నీ సన్నగొంతు పిట్టలు. మిగిలినవన్నీ లావుగొంతువి. మందు పెట్టినవాడు గొంతు చూసి పెట్టడు కదా! నాకు విషయం అర్థమైంది, కానీ అతని మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం పదకొండింటికి కాఫీహోటల్ వెనక గదిలో విచారణ పెట్టాం. జుల్మా పిట్టను బల్ల మీద ఉంచి పది నిమిషాలు ముగ్గురం లెక్కపెట్టాం. నా కర్ర మీద నూట నాలుగు. ఒడీల్ భార్య ఎర్నా కర్ర మీద నూట మూడు. ఒడీల్ కర్ర మీద ముప్పై ఒకటి.

ఒడీల్ మూడు కర్రలనూ మార్చి మార్చి చూశాడు. “అందరూ కుమ్మక్కయ్యారన్నమాట. నువ్వు కూడానా, ఎర్నా?”

ఎర్నా కళ్లు తుడుచుకుంది. “పొయ్యి మీద కెటిల్ ఈలేసినా లేవవు. బద్ధకమనుకుని రెండేళ్లుగా నిన్ను తిడుతున్నాను. నీకు వినపడటం లేదు, ఒడీల్. చివరి విరుపు నీకు వినపడటం లేదంతే.”

ఒడీల్ తన సుద్దముక్కను బల్ల మీద పెట్టి, “అయితే నేను రాసిన ఆ పిట్టలు ఉన్నాయా?” అని అడిగాడు.

“అన్నీ ఉన్నాయి” అన్నాను.

మరుసటి ఆదివారం వీధిలో అందరి ముందూ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. జుల్మా అంత తేలిగ్గా వదల్లేదు. “ఇంకాస్త గట్టిగా చెప్పు, ఆ చివరివాళ్లకు వినపడలేదు” అని మళ్లీ చెప్పించింది.

చెవిమిషను కొనడానికి మరో నెల పట్టింది. డాక్టరుకు కంపెనీవాళ్లతో లాలూచీ ఉందని అతని అనుమానం. పెట్టుకున్న రోజు ఫర్ చెట్ల కింద నిలబడి మిషను తీసి విన్నాడు, పెట్టుకుని విన్నాడు, మళ్లీ తీశాడు.

“ఇందులో పిట్టకూతలు ముందే నింపి పెట్టారేమో” అన్నాడు నాతో. నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. కానీ కొమ్మ మీద ఆ బొటనవేలంత పిట్ట కనపడి, దాని ముక్కు కదలడం చూశాకే నమ్మాడు. అప్పుడు చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎర్నా భోజనానికి పిలిస్తే లేవలేదు. ఈసారి ఆమె పిలుపు వినపడింది, అయినా లేవలేదు.

ఏడాదిపాటు అతని పక్కన ఇంకొకరు కూర్చుని లెక్కపెట్టాలని సంఘం తీర్మానించింది. అవమానంగా తీసుకుంటాడని భయపడ్డాను.

“పెట్టండి. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి” అన్నాడు.

పక్కన కూర్చోవడానికి జుల్మాయే ముందుకొచ్చింది. మొదటి వారమే ఇద్దరి కర్రల మధ్య పన్నెండు గీతలు తేడా వచ్చింది. ఎవరిది తప్పో ఇప్పటికీ తేలలేదు.