నాలుగో కోట దగ్గర పీకేసిన ప్లగ్గు

మా చిన్నప్పుడు... రాయ్‌పూర్ రైల్వే కాలనీలో వీడియో గేమ్ ఎవరింట్లోనూ ఉండేది కాదు. బజార్లో క్యాసెట్ల దుకాణం వాడు రోజుకింత అని అద్దెకిచ్చేవాడు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలమంతా చందా వేసుకుని తెచ్చుకునేవాళ్ళం. కలర్ టీవీ ఉంది కాబట్టి ఆట మా క్వార్టర్లోనే.

చందా అందరిదీ సమానమే... వంతు మాత్రం కాదు! ముందు మా అన్నయ్య, తర్వాత వాడి దోస్తులు, ఆఖరికి నేను. "లడ్కియోఁ కా గేమ్ థోడీ హై" అనేవాడు పక్కింటి మున్నా. ఆడపిల్లల ఆట కాదట. చందా అడిగేటప్పుడు మాత్రం ఈ మాట వాడి నోటికి రాలేదు.

ఆ రోజు నాన్న రాత్రంతా గూడ్సు బండి నడిపి వచ్చి పక్క గదిలో పడుకున్నారు. డ్రైవర్ల ఇళ్ళలో నాన్న నిద్రంటే తెలిసిందేగా... కిటికీకి దుప్పటి కట్టి, గిన్నె చప్పుడు కూడా కాకుండా తిరగాలి. అందుకే టీవీ సౌండు పూర్తిగా తీసేసి ఆడేవాళ్ళం. ఆ ఆటకి పాట కూడా ఉంటుందని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు.

పొద్దున్నుంచీ నాకు దక్కింది ఒక్క వంతు. ఏ బొత్తాం నొక్కితే ఎగురుతుందో తెలిసేలోపే నా బొమ్మ గోతిలో పడింది. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు... ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ మంటే.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. అన్నయ్య కూడా మున్నా వాళ్ళింటికి పోయాడు. నేను కదల్లేదు. అంతసేపూ చూస్తూ కూర్చున్నానేమో, గొయ్యి ఎక్కడుందో, మంట ఎప్పుడొస్తుందో అన్నీ కంఠతా వచ్చేశాయి. మొదటి కోట దాటాను... రెండోది... మూడోది! మా కాలనీలో మూడో కోట దాటినవాడు లేడు. కుర్రాళ్ళు తిరిగొచ్చి నా వెనక నిలబడిపోయారు.

"అరే, యే తో చౌథే మే హై!" అన్నాడు మున్నా గుసగుసగా. నేను నాలుగో కోటలో ఉన్నానట!

అప్పుడే బయట సైకిల్ బెల్లు. కాల్ బాయ్! డ్యూటీ కబురు తెచ్చే ఆయన్ని, మీసాలు నెరిసినా సరే, అలాగే పిలిచేవారు. నాన్న మళ్ళీ బండెక్కాలి.

అమ్మ బకెట్టు, హీటర్ రాడ్డు పట్టుకుని వచ్చింది. స్టవ్ మీదేమో నాన్న క్యారేజీకి కూర ఉడుకుతోంది. ఇల్లు మొత్తానికి పనిచేసే ప్లగ్గు ఒక్కటే... టీవీ, గేమ్ రెండూ దానికే ఉన్నాయి.

"టీవీ బంద్ చెయ్యే. నాన్నకి నీళ్ళు కాగాల."

"అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు! ఈ కోట అయిపోతాది!"

"నీ కోట కోసం బండి ఆగుతాదేటే?"

పీకేసింది.

ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే తెలివి అప్పటి డబ్బాలకి లేదు. నీళ్ళు కాగాక మళ్ళీ మొదటి నుంచే. వంతు మళ్ళీ అన్నయ్యదే! "చౌథే మే మర్ హీ జాతీ" అని మున్నా తీర్పు చెప్పేశాడు... ఎలాగూ అక్కడే చచ్చేదాన్నట. కళ్ళారా చూసిన అన్నయ్య ఒక్క మాట అనలేదు. అమ్మ మీద కంటే వాడి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఇప్పుడు అద్దె లేదు, వంతూ లేదు. మా అమ్మాయి ఫోన్లో ఆట ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. కాకపోతే అడుగడుక్కీ డబ్బులడుగుతుంది... కత్తికి, టోపీకి, ఆఖరికి పోయిన ప్రాణానికి కూడా. ఒక్కసారి చందా వేసుకుని రోజంతా ఆడుకున్నవాళ్ళం, ఈ బేరం మనకి మింగుడుపడదు.

మొన్న దాని పక్కన కూర్చుంటే తెరమీద 'విక్కీ' అని పేరు కనిపించింది.

"ఎవరే ఈ విక్కీ?"

"నేనే అమ్మా. అమ్మాయినని తెలిస్తే టీమ్‌లోంచి తీసేస్తారు" అంది, చూపు తిప్పకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఆటలు ఎంత మారాయో... మున్నాలు మాత్రం మారలేదు.

మీ కాలనీలో ఆఖరి వంతు ఎవరికొచ్చేదో, వాళ్ళు ముందు రాయండి. అన్నయ్యలూ, మీరు కాసేపు ఆగండి.