కడిగినా పోని పసుపు

2023 ఎండాకాలం. మస్కట్ పక్కనే అల్ అమెరాత్‌లో, స్పేర్ పార్టుల కొట్ల వరసలో మా గ్యారేజీ. నాది కాకినాడ. చేతిలో పాన పట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. అన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి కాస్త పొగరుంటుంది. నాకు కాస్త కాదు, దండిగానే ఉండేది.

మల్లేశం జగిత్యాల వైపు మనిషి. ఏడేళ్లు కాంక్రీటు పనిలో పార పట్టి, నాలుగోసారికి టెస్టు నెగ్గి, వాళ్ల కంపెనీలోనే డ్రైవరయ్యాడు. ఇక్కడ లైసెన్సు రావడమంటే మాటలా! డ్రమ్ముల మధ్య రివర్సు చేయించి చేయించి ప్రాణం తీస్తారు. ఒక డబుల్ క్యాబిన్ పికప్‌లో రోజూ ఐదుగురు పనివాళ్లను కొండ రోడ్డు దాటించి సైట్‌లో దించడం అతని డ్యూటీ.

మొదటిసారి తెచ్చినప్పుడు బండి చూసి నవ్వొచ్చింది. టైర్ల లోపలి పక్క కూడా తళతళలాడుతోంది.

"ఏమయ్యా, బండిని తెచ్చావా, పెళ్లికూతుర్ని తెచ్చావా?"

"శుక్రారం శుక్రారం కడుగుతనన్నా. ఏడేండ్లు పార వట్టినంక చేతికొచ్చిన బండి," అని సిగ్గుపడ్డాడు. "ఎడమ దిక్కు ఎనుక చక్రం కాడ నూనె కారుతున్నది. దిగుడుల బ్రేకు సరిగ పడ్తలేదు. ఇంకోటన్నా, ఆ చక్రం నడుమ పసుపున్నది సూడు. ముందటి డ్రైవరు పూజ జేసి పెట్టిండనుకున్న. ఎన్నిసార్లు కడిగినా పోతలేదు. కుడి దిక్కు లేదు."

"పోతే పోనీ, ఉంటే ఉండనీ. దేవుడు చల్లగా చూస్తాడులే," అని ఆ మాట అక్కడికక్కడే కొట్టిపారేశాను.

వెనక చక్రాల నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపించేది డిఫరెన్షియల్. లోపల పళ్లచక్రాలు చిక్కటి గేర్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంటాయి. అక్కణ్ణుంచి చెరో చక్రానికి ఒక ఇనప కడ్డీ వెళుతుంది, దాన్ని యాక్సిల్ షాఫ్ట్ అంటాం. ఆయిల్ ఆ కడ్డీ వెంట బయటికి రాకుండా ఆపే రబ్బరు అంచు రింగే యాక్సిల్ సీల్. అరచేతిలో ఇమిడిపోతుంది. అది వదులైతే ఆయిల్ నేరుగా బ్రేకు మీద పడుతుంది. కొండ దిగేటప్పుడు ఐదుగురు పనివాళ్ల ప్రాణాలూ, డ్రైవరు ప్రాణమూ దాని మీదే ఉంటాయి.

ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, చూసి ఛాసిస్ నంబరు చెబితే కొట్లో సీల్ ఇచ్చారు. వేశాను. పది రోజులకు మళ్లీ కారింది. మార్కెట్ సరుకు ఇంతే అని తిట్టుకుని, ఈసారి ఒరిజినల్ వేశాను. వారం తిరగలేదు, మళ్లీ అదే కథ.

అప్పుడు వాళ్ల సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "రెండుసార్లు చేశావు, ఇంకా కారుతోంది. డ్రైవర్ తప్పేమైనా ఉందా?" అని హిందీలో అడిగాడు. నా పని మీద మాట పడేసరికి ఒళ్లు మండింది. "ఒరిజినల్ సీల్ ఊరికే పోదు సార్. ఓవర్‌లోడ్ వేసి గుంతల్లో ఎగిరేయిస్తుంటాడు," అనేశాను. నేను చూసింది లేదు, విన్నది లేదు. నోటికొచ్చింది, అనేశాను.

మర్నాడు ఉదయం మల్లేశం బండి తెచ్చాడు. ఆ రోజు కూడా కడిగే తెచ్చాడు.

"ఇయ్యాల్టితోని బండి డ్యూటీ అయిపాయెనన్నా. రేపటి సంది మల్ల కాంక్రీటే. ఇది బాగు చేపిచ్చి తాళం చెవి ఇచ్చెయ్యమన్నరు." మళ్లీ తనే, "నేనేం తప్పు జేసిన్నో జెప్పన్నా. మల్లెప్పుడన్న బండిస్తే గట్ల జెయ్య," అన్నాడు.

చేతిలో పాన కింద పెట్టేశాను.

"తప్పు నీదని సూపర్‌వైజర్‌కి చెప్పింది నేనే మల్లేశం."

"ఎరికే అన్నా. ఆయనే జెప్పిండు."

"మరి తెలిసీ నా దగ్గరికే తెచ్చావా?"

"బండి సంగతి నీకెరికైనంత నాకెరిక లేదు గదా. నువ్వన్నవంటే ఏదో జేసే ఉంట అనుకున్న."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. తలెత్తలేక జాకీ పెట్టి చక్రం విప్పాను, బ్రేక్ డ్రమ్ము తీశాను. మల్లేశం వంగి వేలు పెట్టి చూపించాడు. "గిదేనన్నా నేనన్న పసుపు. లోపల్దాంక ఉన్నది."

షాఫ్ట్ మొహం మీద పసుపు పెయింటు గీత, దాని పక్కన సగం చెరిగిన అంకెలు. ఓరి నాయనో! అది స్క్రాప్ యార్డు వాళ్ల రాత. విప్పిన సామాను మీద వాళ్లు అలాగే గుర్తు పెట్టుకుంటారు. అంటే ఎప్పుడో ఎవరో ఎడమ పక్క షాఫ్ట్ తీసేసి వేరే మోడల్ బండిది వేశారు. ముల్కియా బండి పుట్టుక చెబుతుంది గానీ, తర్వాత దాని లోపల ఏం మార్చారో చెప్పదు కదా. పెయింటు గుర్తులు మాకు మామూలే కాబట్టి, రెండుసార్లు అదే షాఫ్ట్‌ని చేత్తో లాగి కూడా నేను చూడలేదు.

కొత్త సీల్‌ని చేత్తో దాని మీదికి తొడిగి చూశాను. అక్క గాజు చెల్లెలి చేతికి వేసినట్టు జారిపోయింది. అదే సీల్ కుడి పక్క షాఫ్ట్‌ని గట్టిగా పట్టుకుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే ఎడమది ఒకటిన్నర మిల్లీమీటర్లు సన్నం. మొదటి రోజు విప్పిన పాత సీల్ మీది కొలతల అంకెలు చదవకుండా చెత్తలో పడేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈసారి కొట్లో ముల్కియా తియ్యలేదు. లోపలి కొలత, బయటి కొలత, మందం చెప్పి వెతికించాను. నాలుగో కొట్లో దొరికింది. ఆయిల్ తాగిన బ్రేకు లైనర్లు కూడా మార్చి, మల్లేశాన్ని నడపమని నేను పక్కన కూర్చున్నాను. కొండ దిగుడులో బ్రేకు రెండు పక్కలా సమంగా పట్టింది. అట్నుంచటే సైట్‌కి పోనిమ్మన్నాను.

పనివాళ్లు అన్నాలకు కూర్చున్నారు. సూపర్‌వైజర్ చేతిలో తప్పు సీల్ పెట్టి, "కొలవకుండా వేసింది నేను. ఫోన్‌లో డ్రైవర్ మీద చెప్పింది అబద్ధం," అన్నాను. అందరూ విన్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆయన సీల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, తాళం చెవి ఇవ్వబోతున్న మల్లేశంతో, "నీ దగ్గరే ఉంచు," అన్నాడు.

ఇప్పుడు ఏ సీలైనా బిగించే ముందు షాఫ్ట్‌కి తొడిగి చూస్తాను. ఒక్క నిమిషం పని. అంతకన్నా ముందు బండి నడిపే మనిషి చెప్పింది మధ్యలో కొట్టెయ్యకుండా వింటాను. ఆ రెండూ చెయ్యకపోవడం వల్ల ఒకడు పార దగ్గరికి తిరిగి వెళ్లబోయాడు.

ఆ దసరాకు మల్లేశం పొట్లంలో పసుపు, కుంకుమ తెచ్చాడు. కుడి చక్రానికి పసుపు పెట్టి, "ఎడమ దానికి ముందుగాల్నే ఉన్నది గదా," అని నవ్వాడు. నా సామాను పెట్టె తెరిచి అతని ముందు పెట్టాను. "దేనికి పెట్టాలన్నా ముందుగాల?" అని అడిగాడు.

వెర్నియర్ తీసి చేతికిచ్చాను.