ప్రేమదాసు చెప్పేసిన ముగింపు

ఏ కథైనా సరే, దాని ముగింపు కడుపులో దాచుకోవడం పొదిలి బస్టాండు ఎంక్వయిరీ ప్రేమదాసు వల్ల కాదు. బస్సు ఎక్కడిదాకా పోతుందో చెప్పినట్టే, హంతకుడెవరో కూడా చెప్పేస్తాడు. అడగక్కర్లేదు.

"దర్శి బస్సు ఎన్నింటికండీ?" అంటే, "పదింపావుకండి. మీ చేతిలో ఆ నవల్లో చంపింది చిన్న కోడలండి" అంటాడు. ఆ మనిషి నవల అక్కడే పడేసి బస్సెక్కుతాడు. ప్రేమదాసు వెనకున్న పుస్తకాల అలమర అలాగే నిండిందని నా అనుమానం.

2002లో నేను నా పురుగుమందుల కొట్టుకు సరుకు కోసం గుంటూరు వెళ్లి, ఓ జపాను నవల తెలుగు అనువాదం కొనుక్కొచ్చాను. అందులో ఓ ఇంట్లో ఉయ్యాల్లో పిల్ల మాయమవుతుంది. ఇంట్లోవాళ్లు ఒక్కరూ వెతకరు. మర్నాడు అందరూ కూర్చుని మామూలుగా అన్నం తింటారు. అక్కడికి వచ్చేసరికి నేను లేచి మా పిల్లల్ని లెక్కపెట్టుకున్నాను.

ఊళ్లో అలాంటి పుస్తకం నా ఒక్కడి దగ్గరే ఉంది. అట్ట లోపల నా పేరు, కొట్టు పేరు, ఫోన్ నంబరు రాసి, నలుగురూ చదువుతారని ఎంక్వయిరీ కౌంటర్లో పెట్టాను. అదే నా బుద్ధితక్కువ పని. వారం తిరగకుండా ప్రేమదాసు పుస్తకం ఓనర్నైన నాకే చెప్పాడు: "ఆఖర్న పిల్ల బతకదండి, జాగ్రత్త."

"నేను చదివేకదయ్యా నీకిచ్చింది."

"అయినా చెప్పటం నా ధర్మమండి."

చీమకుర్తి కండక్టరు చదివాడు. మార్కెట్ యార్డు గుమాస్తా చదివాడు, ఆయన భార్యా చదివింది. చదివినవాళ్లు పుస్తకం గురించి మాట్లాడ్డానికి నా దగ్గరకు వచ్చారా? లేదు, అందరూ ప్రేమదాసు కిటికీ దగ్గరే. పుస్తకం నాది, కబుర్లు ఆయనవి. బస్టాండు ఎదురుగా నా కొట్లో కూర్చుని ఆ గుంపును చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. అసూయే, కాదని ఎందుకు చెప్పాలి?

తర్వాత పుస్తకం కరీమున్ చేతికి వచ్చింది. మా పక్క కొట్లో జాకెట్లు కుడుతుంది. ఎనిమిదో నెల. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. సగం చదివి, మొహం పీక్కుపోయి నా దగ్గరకొచ్చింది.

"నాగేంద్రన్నా, ఆ పిల్ల బతుకుద్దా?"

నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చింది. "అది నేను చెప్పకూడదమ్మా. చదువుకుంటేనే మజా" అన్నాను.

రెండు రోజులు ఆమె మిషను చప్పుడు లేదు. అన్నం ముట్టడం లేదని వాళ్లమ్మ జానీబీ చెప్పింది. మూడో రోజు మిషను మళ్లీ టకటకలాడింది.

"బతికిందంట అన్నా. ప్రేమదాసన్న చెప్పాడు. ఆఖరి పేజీలు ఎవరో చింపేశారంటలే, పోనీ" అని కరీమున్ పుస్తకం తిరిగిచ్చింది.

చూస్తే ఎనిమిది పేజీలు లేవు. చింపడం కూడా కాదు, బ్లేడు పెట్టి నీటుగా కోసిన పని. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పోయాను.

"ఏమయ్యా, నా పుస్తకం కోస్తావా? పైగా లేని ముగింపు చెబుతావా?"

ప్రేమదాసు సొరుగు లాగి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పేజీలు చూపించాడు. "ఆమెకి పుస్తకమిచ్చే ముందే కోశానండి. భద్రంగా ఉన్నయ్యి. ఆమె కాన్పయ్యాక అతికించి ఇస్తా."

"జన్మలో ఒక్క ముగింపు మార్చి చెప్పలేదు కదయ్యా నువ్వు."

"ముందేం జరుగుద్దో తెలీకపోతే మనిషికి భయమండి. అందుకే అందరికీ చెప్పేస్తుంటా. ఈ పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పటానికి నోరు రాలేదు."

అప్పుడైనా నా కడుపుమంట చల్లారాలి కదా, ఇంకా పెరిగింది. కరీమున్ ముందు అడిగింది నన్ను. ఆ అబద్ధం ఆడే అవకాశం ముందు నాకే వచ్చింది. నేనేమో మజా గురించి ఉపన్యాసమిచ్చాను.

నెల తర్వాత కరీమున్‌కు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఈసారైనా వెనకబడకూడదని బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను.

"పుస్తకం నాది కాబట్టి నేను చెబుతున్నా వినమ్మా. ఆ పిల్ల బతకడమే కాదు, పెద్దదై, చదువుకుని టీచరు కూడా అయింది."

కరీమున్ ఒళ్లో బిడ్డను సర్దుకుంటూ నా వైపు జాలిగా చూసింది.

"టీచరా? డాక్టరమ్మ అయిందని ప్రేమదాసన్న చెప్పాడే."

బత్తాయిలు మంచం మీద పెట్టాను.

"ఆయన చెప్పిందే కరెక్టమ్మా" అన్నాను పళ్లు నూరుకుంటూ.