చిన్నాన్న రాని వారం, టీవీలో వచ్చినవి

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతి మనిషికీ ఒక పని ఉండేది. నాన్న హార్బరు వర్క్‌షాపులో ఇంజన్లు విప్పేవాడు. అమ్మ వండేది. చిన్నాన్న డుంగీ (మా దీవుల్లో చేపల పడవని అలాగే అంటాం) వేసుకుని సముద్రం మీదికి వెళ్ళేవాడు, పిన్ని అతను తెచ్చిన చేపల్ని బేరం పెట్టేది. నా పని అభిప్రాయాలు చెప్పడం. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, కాలేజీలో రెండో సంవత్సరం. టీవీలో వచ్చే ప్రతి తెలుగు సీరియల్ మీదా నా దగ్గర ఒక తీర్పు సిద్ధంగా ఉండేది, అడిగినా అడగకపోయినా వినిపించేదాన్ని. "ఇలా ఎక్కడైనా జరుగుతుందా" అని మొదలుపెట్టేదాన్ని. ఇంత చేసీ అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు (చదువంతా హిందీ మీడియం, తెలుగు నోటి వరకే). సీరియల్ పేరు తెర మీద పడితే నా కంటికి అది జిలేబీల వరస. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం: ముక్కుపుడక సీరియల్, పోలీసు మొగుడు సీరియల్, కవలల సీరియల్. అసలు పేర్లేమిటో ఈనాటికీ నాకు తెలీదు.

డిగ్నాబాద్‌లో మా సందులో పెద్ద టీవీ మాదే కాబట్టి పొద్దుగూకేసరికి ముందుగది నిండిపోయేది. ఆ సభలో తప్పకుండా ఉండే మనిషి చౌల్దారీ అత్త. పుట్టిల్లు చౌల్దారీ అనే ఊరు కాబట్టి ఆ పేరు, వరసకి అత్త. ఆవిడ భర్త రేడియో మావ. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడే మనిషి. మా చిన్నాన్న నోరు విప్పితే పాపం అనుకునే మనిషి. అలాంటి వాళ్ళిద్దరూ కలిసి ఒకే డుంగీలో, ఎన్నో ఏళ్ళుగా, ఒక్కసారీ తగువు పడకుండా చేపలు పట్టారు. తగువు పడాలంటే ఇద్దరూ మాట్లాడాలి కదా అనేది పిన్ని.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. సోమవారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు, తెల్లారేసరికి రావాలి. సాయంత్రానికి గాలి లేచింది. మంగళవారం తెల్లారింది, మిగతా డుంగీలు ఒక్కొక్కటీ జెట్టీకి చేరాయి, మాది చేరలేదు. నాన్న ఆ ఆఫీసుకీ ఈ ఆఫీసుకీ తిరిగాడు. వెతకడానికి బోట్లు వెళ్తాయన్నారు, కానీ గాలి కాస్త తగ్గాలన్నారు. మనుషుల గుర్తులు కావాలన్నారు. నాన్న ఇంటికొచ్చి, వాళ్ళు ఏ చొక్కాలు వేసుకున్నారని ఆడవాళ్ళిద్దర్నీ అడిగాడు.

"మా ఆయనది నీలం గీతల చొక్కా," అంది చౌల్దారీ అత్త. "ఎడం చెయ్యి కాడ చిరిగితే నేనే కుట్టినాను."

పిన్ని చాలాసేపు ఆలోచించింది. ఎరుపో, ఆకుపచ్చో, తనకి తెలీదంది. నాన్న వెళ్ళిపోయాక అమ్మ దగ్గరికొచ్చి, "ఇన్నేల్ల కాపరం అక్కా, చొక్కా రంగు సూడ్నేదు," అంది. చిన్నాన్న లేడన్న భయం కంటే ఈ చొక్కా సంగతే ఆవిణ్ణి ఆ రోజంతా ఎక్కువ తినేసినట్టు నాకనిపించింది.

టీవీ పెట్టింది వాతావరణం వార్తల కోసం. తెలుగు చానల్లో వాతావరణం చెప్పే అమ్మాయి పటం ముందు నిలబడి విశాఖపట్నం గురించి, కాకినాడ గురించి ఎంతో శ్రద్ధగా చెప్పేది. చెప్పినంతసేపూ సరిగ్గా మా దీవుల మీద మోచెయ్యి పెట్టుకుని ఉండేది. పిన్ని నేలమీద కూర్చుని, తెరకి బాగా దగ్గరగా జరిగి, "ఆ గుంటని థోడా పక్కకి జరగమనవే," అంది నాతో. హాస్యానికనలేదు. జరుగుతుందేమోనని చూసింది కూడా. ఆ అమ్మాయి జరగలేదు. వార్తలైపోయాయి, దాని వెనకే ముక్కుపుడక సీరియల్ పాట మొదలైంది. ఓదార్చడానికొచ్చిన ఆడవాళ్ళతో గది నిండా మనుషులున్నారు. టీవీ కట్టెయ్యడానికి ఎవరూ లేవలేదు. కట్టేస్తే ఏం మాట్లాడాలో ఎవరికీ తెలీదు మరి. కాసేపటికి, మొహాలు విషాదంగానే పెట్టుకుని, అందరూ సీరియల్ చూడ్డం మొదలుపెట్టారు. అత్త మాత్రం వరండాలోకి పోయి, టీవీకి వీపు పెట్టి, గేటు కేసి తిరిగి కూర్చుంది. ఆ వారమంతా అక్కడే.

బుధవారం నాడు ముక్కుపుడక సీరియల్లో హీరో కారు నదిలో పడింది. (ఆ రాసిన మహానుభావుడికి ఆ వారమే దొరికింది.) మనిషి దొరకలేదు, అత్తగారు కోడలి బొట్టు చెరపబోతుంది, కోడలు గిర్రున తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది, ఉరుములు, మెరుపులు, ఒక్కొక్కరి మొహం మీదికీ మూడేసిసార్లు కెమెరా. మా గదిలో గాలి ఆగిపోయింది. అమ్మ రిమోట్ కోసం తడుముకుంది. "ఉండనీ అక్కా," అంది పిన్ని. చివరిదాకా చూసి, నావైపు తిరిగి, ఎలాగుందని అడిగింది, మామూలు రోజుల్లో అడిగినట్టే. అంత ఏడ్చినా ఆ అమ్మాయి కాటుక కారలేదన్నాను. "ఆఁ, నేనూ అదే సూసినాను," అంది పిన్ని. ఆవిడ మొహం పొడిగా ఉంది. రెండు రోజులుగా అన్నం ముట్టని మనిషి మొహం అది. నా అభిప్రాయం అంత చిన్నదిగా నాకెప్పుడూ కనిపించలేదు.

గురువారం వానకి డిష్ సిగ్నల్ పోయింది. తెర మీద నీలం రంగు, రేకుల మీద వాన, దాని అవతల సముద్రం. అదొక్కటే వినబడుతోంటే గదిలో పదిమందీ గోడలు చూస్తున్నారు. ఇవాళ ఏమవుతుందో నువ్వే చెప్పేయవే అంది పిన్ని నాతో. చెప్పాను. మోచేతులాడిస్తూ, గొంతు మారుస్తూ, కోడలి చేత అత్తగారికి రెండు తగిలించాను, ఆస్తి కాగితాలు మింగేసిన మరిదిని జైల్లో వేయించాను, పోలీసు మొగుణ్ణి ఆ సీరియల్లోంచి ఈ సీరియల్లోకి పిలిపించాను. హీరోని మాత్రం నదిలోంచి తియ్యలేదు. తియ్యాలని నోటిదాకా వచ్చింది, పిన్ని కళ్ళు చూసి ధైర్యం చాల్లేదు. మర్నాడు అసలు భాగం వస్తే, నిన్నటిదే బాగుందని పక్కింటి ముసలమ్మ గొణిగింది.

శనివారం హాస్య కార్యక్రమం. మీసాలున్న మనిషి అత్తగారి వేషం కట్టి, కోడలు వండిన గారె గోడకేసి కొడితే గోడ పెచ్చు ఊడింది. ముందు నవ్వింది నేనే. పకాలున నవ్వి, నోరు చేత్తో మూసుకున్నాను. అమ్మ చూపుకి నేను బూడిదైపోవలసింది. అప్పుడు పిన్ని నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత ఒళ్ళంతా కదిలేలా నవ్వింది, ఆగలేదు. ఎప్పుడు అది ఏడుపయిందో గదిలో ఎవరమూ చెప్పలేం. అమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. టీవీలో జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆదివారం సాయంత్రం, కవలల సీరియల్ మధ్యలో నాన్న ఫోను మోగింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడాడు, లోపలికొచ్చి టీవీ కట్టేశాడు. ఆ వారంలో ఎవరైనా టీవీ కట్టెయ్యడం అదే మొదలు.

"డుంగీ దొరికింది," అన్నాడు. "జహాజు వాళ్ళు ఎక్కించుకున్నారంట. ఒకడే జిందా ఉన్నాడు."

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. పిన్ని నేల మీద ఉంది. నాన్న ఇద్దరి మొహాలూ చూడలేక గోడ గడియారం కేసి చూశాడు. ఆ బతికినవాడికి తెలివి లేదు, పేరు చెప్పే స్థితిలో లేడు. ఓడ వాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పింది ఒక్కటే: నీలం గీతల చొక్కా. రెండోవాడి ఒంటి మీద చొక్కా లేదు.

సీరియల్లో అయితే ఇక్కడ అందరి మొహాలూ చూపిస్తారు. నేను ఒక్కరి మొహమూ చూడలేదు, తల దించుకున్నాను. అత్త గది దాటి వచ్చి పిన్ని పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తన మొగుడు బతికాడన్న సంతోషం ఎక్కడ దాచుకుందో, ఒక్క చుక్క కూడా బయట పడనివ్వలేదు. పిన్ని ఏడవలేదు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చి వెళ్ళారు. ఒక పెద్దావిడ మాత్రం అత్త చెవిలో, నీ పసుపు కుంకం గట్టిదే తల్లీ అంది. అత్త ఆవిణ్ణి అవతలికి పొమ్మని సైగ చేసింది.

మర్నాడు పొద్దున ఓడ వచ్చింది. జెట్టీ మీద జనం, అంబులెన్సు, పోలీసులు. అత్త, పిన్ని చెయ్యి వదలకుండానే నిలబడింది. ముందు బతికిన మనిషి స్ట్రెచర్ దింపారు. నీలం గీతల చొక్కా, ఎడం చెయ్యి దగ్గర కుట్టు, అంతా అత్త చెప్పినట్టే ఉంది. పెదాలు పగిలి, చర్మం ఊడి, గడ్డంలో ఉప్పు పేరుకుని ఉన్న ఆ మొహం మా చిన్నాన్నది.

ఇలాంటిది సీరియల్లో వస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. చొక్కా మార్చి కథ నడుపుతారా, చూసేవాళ్ళకి బుర్ర లేదనుకున్నారా అని నెల రోజులు దులిపేదాన్ని. జెట్టీ మీద మాత్రం ఆ తీర్పుల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పిన్ని ముందుకి పరిగెత్తాలి, పరిగెత్తలేదు. ఆవిడ చెయ్యి అత్త చేతిలో ఉంది. అత్త ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

"చొక్కా మాదే," అంది. "మనిషి నీ మనిషి. ఎల్లు."

తనే పిన్ని చెయ్యి వదిలేసింది. రెండో స్ట్రెచర్ మీద గుడ్డ కప్పి ఉంది. దాని దగ్గరికి అత్త ఒక్కర్తే నడిచింది.

చిన్నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు, మాట లేదు. ఆయనకి మామూలుగానే మాట తక్కువ కాబట్టి ఏది మౌనమో ఏది జబ్బో మాకు తెలిసేది కాదు. పిన్ని మంచం పక్కన పీట వేసుక్కూర్చుని, ఆ వారంలో తనేం పడిందో చెప్పడం చేతకాక, ఆ వారం సీరియళ్ళన్నీ చెప్పింది. కారు నదిలో పడ్డది, కోడలు చెయ్యి పట్టుకున్నది, గురువారం నేను అల్లింది, గోడ పెచ్చు ఊడగొట్టిన గారె, అన్నీ వరసగా. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆవిడ చెప్పిన కథల్లో సగం తప్పులు. సరిదిద్దబోయి ఊరుకున్నాను, నా బతుకులో అది మొదటిసారి. చిన్నాన్న కప్పుకేసి చూస్తూ విని, అంతా అయ్యాక అడక్కుండానే చెప్పాడు. ఇంజను పాడైందట. తన చొక్కా ఎవరికైనా కనబడాలని జెండాలా తెడ్డుకి కట్టేశారట. అల కొడితే ఆ తెడ్డే తిరగబడి మావ రొమ్ముకి తగిలిందట. నొప్పని మావ అననే లేదట.

"నాకు జొరం వొచ్చీసింది. చొక్కా తీసి నాకు తొడిగీసినాడు," అన్నాడు. "నన్ను పడుకోనివ్వకుండా వాగుతానే ఉన్నాడు. నేనే విసుక్కున్నాను, కాసేపు ఊరుకో మావా అని. ఊరుకున్నాడు. మరి మాటాడ్నేదు."

పిన్ని ఆయన నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో టీవీ మోగడానికి చాలాకాలం పట్టింది. మళ్ళీ పెట్టుకున్నాక కూడా అత్త వచ్చేది కాదు, మేం రమ్మనే ధైర్యం చెయ్యలేదు. వానలు వెళ్ళి, మళ్ళీ వానలు వచ్చే వేళకి, ఒక శనివారం సాయంత్రం తనంత తనే గేటు తీసుకుని వచ్చింది. వరండాలో ఆగలేదు. లోపలికొచ్చి, అందరి మధ్యా చోటు చూసుకుని కూర్చుంది. హాస్య కార్యక్రమం నడుస్తోంది. ఎవరో కొత్తగా వచ్చిన పొట్టి కుర్రాడు పెళ్ళిచూపుల్లో పకోడీలు జేబులో వేసుకునే వేషం వేస్తున్నాడు. మాకెవరికీ నవ్వాలో వద్దో తెలీదు. ఊపిరి బిగబట్టి ఒకరినొకరం చూసుకుంటున్నాం. అత్త చివరి దాకా కదలకుండా చూసింది, ఒక్కసారీ నవ్వలేదు. ప్రకటనలు మొదలయ్యాక కొంగు సర్దుకుంటూ, "ఆ పొట్టోడు బాగా సేసినాడు," అంది.

నిజానికి ఆ పొట్టోడు అస్సలు బాగా చెయ్యలేదు. మాటలు మింగేశాడు, రెండుసార్లు కెమెరా కేసి చూశాడు, పకోడీ జేబులో పెట్టుకునేటప్పుడు చెయ్యి తడబడింది. నాలో ఏడాది కింద ఉన్న పిల్లయితే ఇవన్నీ వేళ్ళు మడిచి మరీ చెప్పేది. ఇప్పుడు తెలుగు చదవడం కూడా నేర్చుకుని, స్కూల్లో పిల్లల చేత పాఠాలు వల్లె వేయిస్తున్న ఈ వయసులో ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. గట్టి గొంతు, ఆడే మోచేతులు, ఈ లోకంలో ఏది జరుగుతుందో ఏది జరగదో తనకి పూర్తిగా తెలుసన్న నమ్మకం. దాని మీద నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆ సాయంత్రం మటుకు అది నోరు మూసుకుంది. అత్త నాకేసి చూస్తూ ఉంటే, "అవునత్తా, చాలా బాగా సేసినాడు," అన్నాను. పిన్ని లేచి అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.